కోనసీమ కాఫీ హోటలు: రాతిబల్లల కథ

కోనసీమలో రాయి పుట్టదు. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు తప్ప ఆ నేలలో మరేమియు లేదు. ఎంత లోతు త్రవ్వినను మట్టి, ఇసుక, మరల మట్టి. ఇంటి ముందు మెట్టుకు ఒక బండ కావలెనన్నను, పచ్చడి నూరుకొనుటకు రోలు కావలెనన్నను అది ఎక్కడనుండియో రావలసినదే. అందుచేత ఆ సీమలో రాయి కనబడిన ప్రతిచోట, ఇది ఎక్కడిది, ఎవరు తెచ్చినారు, ఏ దారిని వచ్చినది అని అడుగవచ్చును. తరచుగా సమాధానము కూడ దొరకును.

ఈ మాట ఎందుకు వచ్చినదనగా, కడచిన వేసవిలో మలికిపురము నుండి ఒక శ్రోత మా కేంద్రమునకు ఉత్తరము వ్రాసినారు. వారి తాతగారు స్వాతంత్ర్యమునకు పూర్వమే ఆ ఊరిలో ఒక కాఫీ హోటలు పెట్టినారట. పెంకుటి కప్పు, రోడ్డువైపు రెండు అరుగులు, లోపల నాపరాళ్ళు పరచిన నేల, ఎనిమిది రాతిబల్లలు. అందులో రెండు పాలరాతివి. ఇప్పుడు దానిని బాగుచేయింపదలచినారు. హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న తమ్ముడు, పాత రాళ్ళన్నియు తీసివేసి అద్దమువలె మెరయు నల్ల గ్రానైటు వేయింపవలెనని పట్టుబట్టుచున్నారు. హోటలు నడుపుకొనుచున్న అన్నగారికి మనసొప్పుట లేదు. "ఈ రాళ్ళకు చరిత్ర ఏదైనా ఉన్నచో దయచేసి తెలుపవలెను. లేనిచో తీయించివేయుదుము" అని ఉత్తరములో చివరి వాక్యము.

ఉన్నచో ఉంచుదురు, లేనిచో తీయుదురు. చరిత్ర చదువుకొన్నవానికి ఇంత సూటియైన పరీక్ష తరచుగా రాదు. నేను ఉత్తరముతో సరిపుచ్చక స్వయముగా మలికిపురము వెళ్ళి వచ్చినాను. అక్కడ చూచినదియు, అంతకుముందు తెలిసినదియు కలిపి ఈ ప్రసంగములో మనవి చేయుచున్నాను.

మొదట ఆ ఊరి ఉనికి. పడమట వశిష్ఠ, తూర్పున వైనతేయ, దక్షిణమున సముద్రము. ఈ మూటి నడుమనున్న భూమిని పాత దొరల కాగితములలో నగరం దీవి అని వ్రాసినారు. మలికిపురము ఆ దీవిలోనిది. నిన్నమొన్నటి వరకు బల్లకట్టో పడవయో ఎక్కకుండ ఆ దీవినుండి వశిష్ఠ దాటి పోవుటకు వీలు లేదు. దిండి, చించినాడల నడుమ వశిష్ఠపై వంతెన వచ్చినది ఈ శతాబ్దపు ఆరంభములోనే. అట్టి చోటికి మనుష్యుడు రావచ్చును, ధాన్యము పోవచ్చును. బండరాయి రావలెనన్న మాటలు కాదు.

దేవాలయముల మాట వేరు. అంతర్వేది నరసింహస్వామి ఆలయమును కొపనాతి కృష్ణమ్మగారు కట్టించి 1823 నాటికి పూర్తిచేసినారని ప్రసిద్ధి. భక్తి యున్నచోటికి రాయి ఈదియైనను వచ్చును. కాని సామాన్యుని నిత్యజీవితములోనికి చెక్కిన రాయి వచ్చినది కాలువలతోనే యని నా అభిప్రాయము. 1847లో ధవళేశ్వరముకడ ఆనకట్ట పని ఆరంభమై 1852లో ముగిసినది. ఆర్థర్ కాటన్ ఆ చోటిని ఎన్నుకొనుటకు గల కారణములలో ఒకటి, అక్కడ కొండ ఉండుట. రాతిని ఆ కొండనే పగులగొట్టి నదిలో వేసినారు. తరువాత వైనతేయమును దాటించి నగరం దీవికి నీరు తెచ్చుటకు గన్నవరముకడ 49 కమానుల అక్విడక్టు కట్టినారు. నదిపై మరియొక నది నడచినట్లు ఉండెడి ఆ కట్టడమును 1850ల ఆరంభములో హేగ్ అను ఇంజనీరు నడిపించినాడు. దాని చోట పనిచేయుచున్న క్రొత్త అక్విడక్టునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. ఆ పేరు మన కథలోనికి మరల వచ్చును.

కాలువతో లాకులు వచ్చినవి, లాకులతో చెక్కిన రాతిగోడలు వచ్చినవి, పడవలు వచ్చినవి. పడవ వచ్చిన తరువాత రాయికి దారి ఏర్పడినది. 1900లో రాజమహేంద్రవరముకడ గోదావరిపై హేవలాక్ వంతెన తెరచినారు. కర్నూలు సీమలోని బేతంచెర్ల రైలుదారిమీదనే ఉన్నది. అక్కడి నాపరాయి బండి ఎక్కినచో బెజవాడ మీదుగా రాజమహేంద్రవరము చేరును. అక్కడ పడవ ఎక్కినచో ధవళేశ్వరము లాకు దిగి, కాలువవెంట గన్నవరము అక్విడక్టు దాటి, దీవిలోనికి వచ్చును. రైలు మాత్రము దీవికి రాలేదు. కాకినాడనుండి కోటిపల్లి వరకు 1928లో వేసిన పట్టాలనైనను యుద్ధావసరములకని 1940లో పీకుకొనిపోయినారు. మరల వేయుటకు 2004 వరకు పట్టినది. కనుక మలికిపురము కాఫీ హోటలులోని బల్ల ఏదైనను, తుదిమజిలీ పడవలోనే చేసియుండవలెను. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళమున్నర మందము గల బండ ఇంచుమించు 115 కిలోలు తూగును. అట్టివి ఎనిమిదింటిని రేవులో దింపి, నలుగురేసి మోసికొని, గట్టెక్కించిన మనుష్యులను తలచుకొనవలెను. వారిని గూర్చి తరువాత చెప్పెదను.

ఇక కాఫీ. ఎమన్ దేశమునుండి బాబా బుడన్ అను ఫకీరు ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటినాడని కన్నడదేశపు ఐతిహ్యము. అది పదునేడవ శతాబ్దపు మాట. అంతకు నూరేండ్లకు ముందే, 1550లలో, ఇస్తాంబూలు నగరములో కాఫీ శాలలు వెలసినవి. లండనులో మొదటిది 1652లో తెరచినారు. జనులు ఒకచోట చేరి కాఫీ త్రాగుచు రాజ్యవ్యవహారములు మాటలాడుకొనుట చూచి రెండవ ఛార్లెసు రాజు 1675 డిసెంబరులో ఆ శాలలన్నియు మూయవలెనని ఆజ్ఞ వేసినాడు; అది అమలునకు రావలసిన దినమునకు ముందే, గొడవ చూచి, తానే వెనుకకు తీసికొన్నాడు. కాఫీకి రాజులు భయపడిన దేశములున్నవి. మన దేశములో భయపడినది ఎవరనగా, ఇంటి పెద్దలు.

కోనసీమకు కాఫీ గింజ బహుదూరపు వస్తువేమియు కాదు. నాటి గోదావరి జిల్లా ఏజెన్సీలో, మారేడుమిల్లి దరిని పాములేరు లోయలో 1898 ప్రాంతమున బ్రోడీ అను తెల్లదొర కాఫీ మొక్కలు నాటించినాడు. ఆంధ్రదేశమున కాఫీ తోటకు అదే మొదలు. నేడు పారిసు వరకు పేరు మ్రోగుచున్న అరకు కాఫీ, 2019లో భౌగోళిక గుర్తింపు పొందినది, ఆ తరువాతి కథ. కాని పాములేరు గింజ మలికిపురము గ్లాసులోనికి దిగినదని చెప్పుటకు ఆధారము లేదు. మనకు కాఫీ రుచి మరపినవారు కొండమీదివారు కారు. దక్షిణమునుండి వచ్చిన వంటవారు, ఉడిపివారు, అరవ అయ్యరులు. డికాక్షను, డబరా, చికోరీ, సాంబారు అన్నియు వారి వెంట వచ్చినవే. మనవారు దానికి పెసరట్టును జోడించినారు. ఆ జోడింపు చిన్నదని నేననుకొనను.

అంతవరకు దారిన పోవువానికి అన్నము ఎక్కడ? సత్రములోనో, లేక పుణ్యాత్ముల ఇంటనో. లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు (1841–1909) రేవు దాటి వచ్చినవారికి వేళ కాని వేళ అన్నము పెట్టినారు. వచ్చినవాని పుట్టుక అడుగలేదని ఆ సీమవారందరు చెప్పుకొందురు. అన్నము అమ్ముకొనుట పాపమని నమ్మిన కాలమది. అట్టి నేలమీద ఒకడు పొయ్యి పెట్టి, కాఫీ కాచి, డబ్బులు పుచ్చుకొని ఇచ్చుట ఎంత తెగింపో నేటివారికి తెలియదు. "వాడు కాఫీ హోటలు పెట్టినాడు" అన్నమాట పరువు తక్కువ మాటగా చాలకాలము నడచినది. మలికిపురములోని ఈ తాతగారికి పిల్లనిచ్చుటకు మొదట ఎవరును ముందుకు రాలేదని ఆయన మనుమడు నాతో నవ్వుచు చెప్పినారు.

ఇక్కడనే రాతిబల్ల ప్రవేశించుచున్నది.

కాఫీ హోటలులో రాయి ఎందుకు? మేస్త్రి నడిగినచో, వేడికి చెడదు, తడికి ఉబ్బదు, చెదలు పట్టదు అనును. నిజమే. ఉప్పుగాలి తగులు ఆ దీవిలో కొయ్యబల్ల వానాకాలమునకు ఉబ్బి, వేసవికి బీటలు వారును. పొగలు గ్రక్కు ఇత్తడి గ్లాసు పెట్టినచో కొయ్యపై మచ్చ పడును. కాని ఇంతకంటె బలమైన కారణము మన ఆచారములో ఉన్నదని నాకు తోచుచున్నది. ఎంగిలి తాకిన మట్టిపాత్రను పారవేయుదురు. లోహమును తోమి వాడుకొందురు. రాతిని నీళ్ళు పోసి కడిగినచో చాలును. ముక్కు మొగము తెలియని మనుష్యుడు ఇంతకుముందే తిని లేచిన చోట కూర్చుండి తినుటకు జంకు మనస్సునకు, ఎదుట ఒక చెంబెడు నీళ్ళతో కడిగిన రాయి గొప్ప ధైర్యము. పింగాణి కప్పును శంకించినవారు సైతము రాతిబల్లను శంకింపలేదు. సర్వరు తడిగుడ్డతో తుడుచుట కాదు, పాత హోటళ్ళలో బల్లమీద నీళ్ళు కొట్టి కడిగెడివారు. నేను చూచిన నాపబల్లలకు అంచువెంట సన్నని కాలువ చెక్కియున్నది. ఆ నీరు పోవుటకే.

పాలరాతి బల్లల కథ కొంచెము వేరు. అది పట్టణపు సొగసు. హైదరాబాదు ఇరానీ హోటళ్ళలో పాలరాతి పలక, నల్లకొయ్య వంపు కుర్చీ ఒకదానికొకటి అంటిపెట్టుకొని కనబడును. ఆ వంపు కుర్చీ 1859లో వియన్నాలో థోనెట్ అనువాడు ఆవిరితో కొయ్యను వంచి చేసిన పదునాలుగవ నంబరు కుర్చీకి మనుమరాలు. వియన్నా కాఫీ శాలలకై పుట్టిన వస్తువు బొంబాయి మీదుగా ఆబిడ్సు వరకు వచ్చినది. బొంబాయి చర్చిగేటులో 1936లో మొదటి ఇండియా కాఫీ హౌసు తెరచినారు. తరువాత కాఫీ బోర్డు ఆ శాలలను ఊరూర నడిపి, 1950లలో మూయ నారంభింపగా, ఎ. కె. గోపాలన్ ప్రోత్సాహముతో పనివారు సహకార సంఘములుగా ఏర్పడి 1957నుండి తామే నడుపుకొన్నారు. ఆ పట్టణపు సొగసులో రెండు ముక్కలు మలికిపురమునకు ఎట్లు చేరినవో మనుమలకు తెలియదు. పై బల్లపై ఒక మూల సన్నని ఎఱ్ఱచార ఉన్నది. దానిని చూచియే పిల్లలు "రక్తపు బల్ల" అని పేరు పెట్టినారట.

వంటింటిలోని రాయిని ఎవరును లెక్కలోనికి తీసికొనరు. అది న్యాయము కాదు. ఆ హోటలు వెనుక భాగమున మోకాలెత్తు రుబ్బురోళ్ళు రెండు ఉన్నవి. కరెంటు గ్రైండరు వచ్చువరకు ఇడ్లీపిండి అంతయు అందులోనే. తెల్లవారుజామున మూడుగంటలకు పొత్రము త్రిప్పు మనిషి లేనిచో ముందటి పాలరాతి బల్ల దేనికి? ఏటికి రెండుమారులు కక్కు కొట్టువాడు వచ్చి ఉలితో గంట్లు పెట్టి పోయెడివాడట. తమ్ముడుగారు మొట్టమొదట అమ్మివేయదలచినది ఈ రోళ్ళనే. వాటిని కొని పూలకుండీలుగా వాడుకొనువారు అమలాపురములో ఉన్నారని విన్నాను.

ఇప్పుడు నేను వెనుక తప్పించిన మాటకు రావలెను.

హోటలు చూచుచుండగా దక్షిణపు ప్రక్కసందులో గోడకు ఆనించి పాతిన ఒక బండ కనబడినది. నాపరాయి, నాలుగడుగుల పొడవు. దానికి పైన, మనిషి రొమ్మెత్తున, గోడలో జానెడు చతురపు కంత; దానిని ఇటుకతో మూసి సున్నము వేసినారు. "ఇది ఏమి?" అని అడిగినాను. అన్నగారు కొంచెము తడబడి, "పాతకాలపుదండి, దాన్ని తీయించేస్తున్నామండి" అన్నారు. అక్కడ పని చేయుచున్న వృద్ధుడైన మేస్త్రి మాత్రము ఉలి దింపక, "ఆయ్, అది బయటోళ్ళ బల్లండి" అన్నాడు.

లోపలికి రానీయనివారికి ఆ కంతలోనుండి కాఫీ పోసెడివారు. వారి గ్లాసులు వేరు; ఆ బండమీద బోర్లించి ఉండెడివి; త్రాగినవారే కడిగి మరల బోర్లించవలెను. ఇది ఈ ఒక్క హోటలు తప్పు కాదు, నాటి ఊరి ధర్మము. పట్టణములలో బోర్డులు కట్టి మరీ చేసినారు. బెంగుళూరులో నేడు మావళ్ళి టిఫిన్ రూమ్స్ అని లోకమెరిగిన హోటలు 1924లో పుట్టినప్పుడు దాని పేరు బ్రాహ్మిన్ కాఫీ క్లబ్. రైల్వే ఫలహారశాలలలో సైతము బ్రాహ్మణులకు ఒకవైపు, ఇతరులకు ఒకవైపు అని అడ్డుగోడ లుండెడివి. వానిమీద మద్రాసు రాష్ట్రమున గొప్ప ఆందోళనలు జరిగినవి. ఆ "ఇతరులు" అను మాటలో కూడ చేరని వారొకరున్నారు. వారి తావు ఈ ప్రక్కసందు.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునైదవ అధికరణములో దుకాణములు, ఫలహారశాలలు, హోటళ్ళు అని పేరుపేరున చెప్పినది. ఇంత గొప్ప గ్రంథములో కాఫీ హోటలు ప్రసక్తి యేమి అని విద్యార్థిగా నేను ఆశ్చర్యపడినాను; ఆ సందులో నిలుచున్నప్పుడు ఆశ్చర్యము పోయినది. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము మరియొక అడుగు ముందుకు పోయి, హోటళ్ళలోని పాత్రలు వాడుకొనకుండ అడ్డుపడుట కూడ నేరమన్నది. చట్టము చేసినవారికి గ్లాసుల సంగతి తెలియును. ఆ చట్టమునే 1976లో పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చి గట్టిపరచినారు. రెండు గ్లాసులు మాత్రము చట్టము మారినంత త్వరగా మారలేదు. ఈ హోటలులో కంత ఎప్పుడు మూసినారని అడుగగా అన్నగారు, "నా చిన్నప్పటికే మూసేశారండి" అన్నారు. మేస్త్రి ఏమియు అనలేదు.

ఇక్కడ ఒక స్వవిషయము. మా తాతగారు రాజోలు తాలూకా పడవరేవులలో బరువులు మోసినవారు. కొబ్బరి, ధాన్యము, సున్నము, రాళ్ళు. దీవిలోని హోటళ్ళకు బల్లలు దింపినప్పుడు ఆయన భుజము వానిక్రింద ఉండి ఉండవచ్చును. మలికిపురము సంతకు పోయినప్పుడు కాఫీ త్రాగి వచ్చెడివారని మా నాయనమ్మ చెప్పగా విన్నాను. ఏ హోటలో చెప్పలేదు. ఎక్కడ నిలుచుండి త్రాగినారో చెప్పలేదు, చెప్పనవసరము లేదు. ఉత్తరము వ్రాసిన శ్రోతకు ఈ సంగతి తెలియదు. చెప్పవలెనా మానవలెనా అని ఆ పూట తర్జనభర్జన పడి, కడపట చెప్పినాను. ఆయన చాలసేపు మాటలాడలేదు. పిమ్మట లోపల పాలరాతి బల్లవద్ద నాకు కాఫీ తెప్పించి, తాను ఎదుట కూర్చున్నారు. కాఫీ చిక్కగా, మంచిగా ఉన్నది.

ఇక మరమ్మతు విషయము. చరిత్ర ఉన్నదని తేలినది కనుక రాళ్ళను ఉంచవలసి వచ్చినది. ఉంచుట ఎట్లో కూడ చెప్పవలెను గదా. నాకు తెలిసినవారిని, పనివారిని అడిగి తెలిసికొన్న సంగతులు కొన్ని చెప్పెదను.

నాపరాయి, పాలరాయి, కడప నల్లరాయి మూడును సున్నపు జాతివి. నిమ్మరసము చుక్క వేసినచో బుసబుస పొంగి గరుకుమచ్చ పడును. చింతపండు, పెరుగు, సాంబారు దీర్ఘకాలమున అదే పని చేయును. మరుగుదొడ్లు కడుగు ఆసిడుతో ఇట్టి నేలను కడుగుట రాతిని నాకివేయుటయే. గ్రానైటు అట్లు కాదు; ఆమ్లమునకు లొంగదు, గీత పడదు. తమ్ముడుగారి పక్షమున ఇది నిజముగా బలమైన వాదము. ఆయన కోరిన నల్లరాయి ప్రకాశము జిల్లా చీమకుర్తిది. బంగారు రవలు చల్లినట్లుండు ఆ రాయి ప్రపంచములో ఎన్నో కాఫీ శాలల కౌంటర్లపై ఉన్నది. శాస్త్రజ్ఞులు దానిని గ్రానైటు అనరు, గాబ్రో అందురు. రవలు బంగారము కాదు, బ్రాంజైటు అను ఖనిజము. కాఫీ కలుపు చోట, గిన్నెలు కడుగు చోట దానిని వేసికొనవచ్చునని నేనే చెప్పినాను. లండనులోనైనను మలికిపురములోనైనను ఒకటే తీరుగ ఉండు రాయి వంటింటిలో ఉన్నచో బాధ లేదు.

నేల సంగతి మాత్రము జాగ్రత్తగా చూడవలసినది. దీవిలో నేలనీరు పైననే ఉన్నది, పలుచోట్ల ఉప్పగా ఉన్నది. ఆ తేమ పైకి ప్రాకును. పాత నేలను గుల్లసున్నపు గచ్చుపై పరచినారు. సున్నము తేమను మెల్లగా వదలును. ఉప్పు పేరుకొన్నను సున్నములోనే పేరుకొని అది రాలిపోవును, రాయి నిలుచును. సిమెంటుతో అతికినచో తేమకు దారి ఉండదు. అది రాతిగుండనే బయటికి వచ్చును, ఉప్పు రాతిలోపల గడ్డకట్టి పొరలు పొరలుగా ఎగురగొట్టును. నాపరాయి మొదటనే పొరలరాయి. ఆ హోటలు ముందుభాగమున కొన్నేండ్ల క్రిందట సిమెంటుతో సరిచేసిన పదునారు బండలలో పదకొండు పగిలియున్నవి. సున్నముపై నున్నవానిలో నాలుగు మాత్రమే పగిలినవి. అవియు గ్యాసుబండలు దొర్లించినచోట.

మేస్త్రికి సున్నపు పని తెలియును. గానుగలో త్రిప్పి, కరక్కాయ, బెల్లము నానవేసిన నీరు కలుపు విధము ఆయన తండ్రివద్ద నేర్చినాడట. గానుగ లేదు; గ్రైండరులో త్రిప్పుచున్నాడు. ప్రతి రాతికి వెనుకవైపు సుద్దతో అంకె వేసి, నేల పటము కాగితముపై గీసి, తీసినవానిని తీసినచోటనే పెట్టవలెనని ఏర్పాటు చేసినాము. నూనె మచ్చలకు ముల్తానీమట్టి ముద్దచేసి అద్ది, ఎండినపిదప గీకివేయుచున్నారు. రెండు మూడు పట్టులకు మచ్చ పలుచబడుచున్నది. మిషను పాలిషు వలదన్నాను. బల్లల నడుమ కాలిబాటలో ఎనుబదేండ్ల నడకకు రాయి వ్రేలెడు లోతు తరుగకపోయినను, చేయి వేసినచో తెలియునంత పల్లము పడినది. సర్వర్ల అడుగులవి. పాలిషు మిషను పెట్టినచో ఒక గంటలో అది చదునగును. పైగా తడి అడుగులతో అద్దమువంటి నేలపై కాఫీ ట్రే పట్టుకొని నడచు కుర్రవాని సంగతి కూడ చూడవలెను.

రుబ్బురోళ్ళు అమ్ముట మానినారు. పెసరట్టు పిండికి ఒక రోలు వాడిచూచెదమని అన్నగారి భార్య అన్నారు. పొత్రము ఎవరు త్రిప్పుదురని ఆమెనే అడిగినాను, నవ్వి ఊరకున్నారు.

ప్రక్కసందులోని బండ విషయమున అన్నదమ్ములు ఇంకను ఒక మాటకు రాలేదు. తీసివేసినచో గోడ శుభ్రముగా ఉండునని తమ్ముడు. పెద్దల పేరు వీధిన పడవేయుట దేనికన్న ఆయన బాధ నాకు అర్థమైనది. లోపలికి తెచ్చి, మిగిలిన బల్లలతో సమముగా కాళ్ళు కట్టి వేయుదమని అన్న. అది మంచిమనస్సుతో అన్నమాటయే. కాని అట్లు చేసినచో అది ఎనిమిది బల్లలప్రక్క తొమ్మిదవ బల్ల యగును. కంతక్రింద ఉండిన రాయి అని ఎవరికి తెలియును? ఉన్నచోటనే ఉంచి, మూసిన కంత ఇటుకలు తీసి, ఆ గోడను అట్లే విడువుడని నా అభిప్రాయము వ్రాసి పంపినాను. మేస్త్రి అభిప్రాయము అడిగినాను. "ఆ రాయి గట్టిదండి, పగల్లేదండి" అని మాత్రము అన్నాడు.

సున్నము మాగుటకు ఇంకను కొన్ని వారములు పట్టునట. సంక్రాంతికి హోటలు తెరువవలెనని వారి సంకల్పము. సందులోని బండపై ప్రస్తుతము మేస్త్రి తన తాపీ, తాళ్ళు, మధ్యాహ్నపు అన్నపుక్యారియరు పెట్టుకొనుచున్నాడు.